విండోస్ మారింది, పంట ఫోటోలు ఎక్కడికి పోయినాయి?

ఈసారి ఆకు గురించో ఊజీ ఈగ గురించో కాదు, కంప్యూటర్ గురించి రాస్తున్నాను. మనలో చాలామంది బ్యాచ్ ఫోటోలు లాప్‌టాప్‌లో దాచుకుంటున్నాము కదా.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అది విని మా అబ్బాయి లాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కించినాడు. ఆ రోజే చాకీ పురుగులు వచ్చినాయి. తెర మీద అది ఒక్కొక్కటే అడుగుతూ పోయింది, నేను చదవకుండా నీలం బటన్ నొక్కుతూ పోయినాను. ఆకు కోయాల్సిన వేళ ఇంగ్లీషు చదివే ఓపిక ఎవరికి ఉంటుంది? అందులో ఒకటి, ఫోటోల ఫోల్డరును వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ చేయమంటారా అన్న ప్రశ్న.

వన్‌డ్రైవ్ అంటే ఇంటర్నెట్‌లో ఉండే గోదాము. ఉచితంగా ఇచ్చే జాగా 5 జీబీ. నా ఫోటోలు దానికి మూడింతలు. జాగా నిండిపోయిందని రోజూ హెచ్చరిక. విసుగొచ్చి బ్యాకప్ ఆపేసినాను. ఆ తర్వాత పిక్చర్స్ ఫోల్డరు తెరిస్తే ఖాళీ!

అవి ఊరికే తీసుకున్న ఫోటోలు కావు. 2023లో ఇదే వాన నెలల్లో గ్రాసరీ తగిలి ఒక బ్యాచ్ సగం పారబోసినాము. ఇప్పుడు మళ్ళీ ఐదో దశలో నాలుగైదు పురుగులు కణుపులు ఉబ్బి, తట్ట అంచు మీదికి పాకుతున్నాయి. అప్పుడు ఏ అరలో మొదలైంది, ఏ రోజు మొదలైంది అని చూసుకోవడానికే తెరిచినాను.

రాత్రి పదకొండింటికి అబ్బాయి కనిపెట్టినాడు. బ్యాకప్‌కి ఒప్పుకున్నప్పుడే ఫోటోలు పాత పిక్చర్స్ నుంచి వన్‌డ్రైవ్ లోపలున్న ఇంకో పిక్చర్స్‌కి మారినాయి. బ్యాకప్ ఆపినా వెనక్కి రాలేదు, అక్కడే ఉన్నాయి. పేరు ఒకటే, గదులు రెండు. సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో మన పేరు, అందులో వన్‌డ్రైవ్, అక్కడ వెతకండి. ఫోటో పక్కన మేఘం గుర్తు ఉంటే అసలు ఫోటో నెట్‌లోనే ఉందని అర్థం. రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' నొక్కితే దిగుతుంది.

ఆ హెచ్చరిక పోవాలని వన్‌డ్రైవ్‌లోని ఫోటోలు తుడిచేద్దామని కూడా అనుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ. అక్కడ తుడిస్తే లాప్‌టాప్‌లోనూ పోతాయి. ఇప్పటికే తుడిచినవాళ్ళు వన్‌డ్రైవ్ వెబ్‌సైటులో రీసైకిల్ బిన్ చూడండి, 30 రోజులు ఉంటాయి.

అన్నీ వెనక్కి కాపీ చేసుకున్నాక ఇంకో చిక్కు. ఫోన్ కెమెరా ఫోటోలకు తీసిన తేదీ లోపలే ఉంటుంది, వాట్సాప్‌లో వచ్చినవాటికి ఉండదు. మా ఇంటామె తన ఫోన్‌లో తీసి నాకు పంపినవన్నీ కాపీ చేసిన రోజు కిందే కుప్పపడినాయి. ఫైలు పేరులో 20231108 లాంటి అంకెలుంటే అది పంపిన తేదీ. కొన్నిటికి నేనే పేర్లు మార్చి పెట్టినాను, తెలివి!

అక్కడ ఆమె పలక కాపాడింది. ప్రతి ఫోటోలో తట్ట పక్కన పలక పెట్టి బ్యాచ్ నంబరు, దశ, రోజు సుద్దతో రాస్తుంది. నేను ఎన్నోసార్లు నవ్వినాను. 'ఐదో దశ, మూడో రోజు, తలుపు పక్క కింది అర' అని 2023 ఫోటోలో ఉంది. తడి ఆకు కూడా కనిపిస్తోంది. ఈసారీ అదే అర.

తెల్లవారకముందే ఉబ్బిన పురుగులను ఏరి, 2 శాతం బ్లీచింగ్, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్ళలో వేసినాము. పడకల మీద సున్నం చల్లి, తడి ఆకు మానేసినాము. కొన్ని పోయినాయి కానీ మిగతావి చంద్రికలకు ఎక్కినాయి.

ఫోటోలు ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, తమ్ముడి ఇంట్లో ఇంకో కాపీ ఉన్నాయి. సోమవారం కొత్త చాకీ వస్తోంది. పలక కడిగి ఎండలో పెట్టినాము.