కోల్‌కతా నుంచి ఢాకా ఎంత దూరం?

కోల్‌కతాలోని డమ్‌డమ్ విమానాశ్రయం నుంచి ఢాకా విమానాశ్రయానికి తిన్నగా గీత గీస్తే సుమారు 240 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకూ దాదాపు అంతే. టిక్కెట్టు మీద గంట ప్రయాణమని ఉన్నా విమానం గాలిలో ఉండేది ముప్పావు గంటే. గంటకు 800 కిలోమీటర్లు పోగల జెట్‌కు లెక్క ప్రకారం ఇది 18 నిమిషాల దూరం. కానీ ఎక్కడానికీ దిగడానికీ సమయం పోతుంది. పద్మా నది కనబడేసరికే విమానం దిగడం మొదలుపెడుతుంది. ఢాకా గడియారం మనకన్నా అరగంట ముందు కాబట్టి, అక్కడ పదింటికి బయల్దేరిన విమానం కోల్‌కతాలో పదిన్నరకే దిగుతుంది!

పూర్వం ఈ దారి ఒక పూర్తి యాత్ర. రాత్రి కోల్‌కతా సియాల్దా స్టేషన్‌లో మెయిలు ఎక్కితే తెల్లారేసరికి గోవాలందో రేవు. అక్కడ స్టీమరెక్కి పద్మ మీదుగా నారాయణ్‌గంజ్, ఆపైన మళ్ళీ రైల్లో ఢాకా. స్టీమర్‌లో ఖలాసీలు తమకోసం వండుకున్న కోడికూర ప్రయాణికులకూ నోరూరించింది. ఆ కూర గోవాలందో పేరుతోనే బెంగాలీ వంటిళ్ళలో నిలిచిపోయింది. దేశ విభజన కూడా ఆపలేకపోయిన రైళ్ళను 1965 భారత్-పాక్ యుద్ధం ఆపింది.

మళ్ళీ ఢాకాకు ప్రయాణికుల రైలు కదలడానికి 43 ఏళ్ళు పట్టింది. 2008 ఏప్రిల్ 14న, బెంగాలీ ఉగాది నాడు, మైత్రీ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. దూరం 375 కిలోమీటర్లు. సరిహద్దులో గేదే, దర్శనా స్టేషన్ల దగ్గర సామాన్లతో దిగి తనిఖీలు చేయించుకోవడానికే గంటలు పోయేవి. 2017 నవంబర్‌లో ఆ తనిఖీలను రెండు చివరి స్టేషన్లకు మార్చాక ప్రయాణం తొమ్మిది గంటలకు తగ్గింది. అంటే పట్టాల మీద పోయే సమయం కన్నా కాగితాలు చూసే సమయాన్ని తగ్గించడమే ఎక్కువ మేలు చేసింది.

బంగ్లాదేశ్ నుంచి కోల్‌కతాకు వచ్చేవాళ్ళలో చాలామంది రోగులు. కొందరు నగరంలోని ముకుందపూర్ ఆసుపత్రుల్లోనే ఆగుతారు. మరికొందరు హౌరాలో రైలెక్కి, మన విశాఖ, విజయవాడల మీదుగా వెల్లూరు పోతారు. కోల్‌కతా మార్క్విస్ స్ట్రీట్‌లోని లాడ్జీలు, భోజన హోటళ్ళు, డబ్బు మార్చే కొట్లు ఈ రాకపోకల మీదే బతికేవి. 2024 జూలైలో మైత్రీ ఎక్స్‌ప్రెస్ ఆగింది. ఆగస్టు నుంచి వీసాలు బాగా తగ్గిపోయాయి. ఆ వీధి వెలవెలబోయింది. విమానం ఉందిగా అనడం తేలికే. మూడు తరాలుగా చుట్టరికాలున్న సామాన్య కుటుంబం పెళ్ళికో చావుకో నలుగురూ కలిసి విమానంలో పోగలదా?

ఇంతలో నేరుగా పోయే దారికి నది అడ్డు కూడా తొలగింది. 2022లో పద్మ మీద వంతెన తెరిచారు. 2024 డిసెంబర్‌లో ఆ వంతెన మీదుగా ఢాకా నుంచి సరిహద్దులోని బేనాపోల్‌కు రైలు నడవసాగింది. ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. ఇటు సియాల్దా నుంచి సరిహద్దుకు ఇవతల ఉన్న బన్‌గావ్‌కు లోకల్ రైల్లో రెండు గంటలు. రెండూ కలిపితే, సరిహద్దు దాటే సమయం కాక, ఆరు గంటలకు ఢాకా అందుతుంది. కొత్తగా కట్టాల్సిన పెద్ద వంతెన ఇక లేదు. రెండు ప్రభుత్వాలూ రాజకీయాలు పక్కనపెట్టి, ముందు రోగులకోసమైనా ఈ దారిన రైలు నడపాలి.