దిద్దిన లెక్క ఎవరిది? – దళిత పరిశోధనలో కంప్యూటర్ పని

దళితుల మీద జరిగే పరిశోధనల్లో ఎవరు అడిగారు, ఎవర్ని అడిగారు, ఏం రాసుకున్నారు అన్న ప్రశ్నలు మనం చాలా ఏళ్ళుగా వేస్తూనే వున్నాం. రాసుకున్నది కాగితం మీంచి కంప్యూటర్లోకి ఎక్కాక ఏమవుతున్నదో మాత్రం పెద్దగా అడగలేదు. అది టెక్నికల్ పని, కంప్యూటర్ తెలిసిన కుర్రాడెవరో చూసుకుంటాడులే అని వదిలేశాం. బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో, పేటల్లో తిరిగి సర్వే చేసే విద్యార్థుల్ని దృష్టిలో పెట్టుకుని, ఆ వదిలేసిన పని గురించే ఇక్కడ రాస్తున్నాం.

ముందు కులం గడి చూద్దాం. ఒక పేటలో వంద ఇళ్ళు తిరిగితే ఆ గడిలో మాల, ఎస్సీ మాల, ఆది ఆంధ్ర, ఏఏ, మాదిగ, ఎస్సీ, క్రిస్టియన్ అని రకరకాలుగా పడుతుంది. లెక్క తీయాలంటే వీటిని ఏదో ఒక తీరున కలపాలి. దీన్ని 'డేటా శుభ్రం చేయడం' అంటారు. (శుభ్రం అన్న మాట మన చెవులకు ఎట్లా వినిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.) పని చేసే వ్యక్తి 'ఆది ఆంధ్ర' అని వున్నచోటల్లా 'మాల' అని మార్చేస్తాడు. ఒక్క మీట నొక్కితే సరి. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో ఎక్కడా వుండదు. సిద్ధాంత వ్యాసంలో పట్టిక మాత్రం నిండుగా, నున్నగా కనబడుతుంది.

కానీ ఆ పేరుకి చరిత్ర వుంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ దగ్గర్నించీ 'పంచమ'ను కాదని నిలబెట్టుకున్న పేరది. మాలలూ పెట్టుకున్నారు, మాదిగలూ పెట్టుకున్నారు. 1997 వర్గీకరణలో 59 ఎస్సీ కులాల్ని నాలుగు గ్రూపులు చేసినప్పుడు ఆది ఆంధ్ర మొదలైన 4 కులాలు విడిగా 'డి' గ్రూపు, వాళ్ళకి 1 శాతం. 2000లో వచ్చిన వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చేసుకోవచ్చన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ చేసిన వర్గీకరణలో గ్రూపులు మూడే. పాత 'సి'లోని 25 కులాలూ 'డి'లోని 4 కులాలూ కలిసి 29 కులాల మాల గ్రూపు అయ్యాయి, 7.5 శాతం. అంటే 'ఆది ఆంధ్ర అంటే మాల' అన్న ఆ ఒక్క మార్పు 1997 లెక్కకి తప్పు, 2025 గ్రూపు లెక్కకి సరిపోతుంది, ఇంటి మనిషి చెప్పుకున్న అస్తిత్వానికి ఎప్పుడూ పూర్తిగా సరిపోదు. వర్గీకరణ మీద మన మధ్య ఎన్ని అభిప్రాయాలున్నా, ఎవరి వాటా ఎంత అన్న వాదానికి ఆధారమయ్యే అంకె ఇట్లా చెప్పాపెట్టకుండా తయారవడం ఎవరికీ మంచిది కాదు.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఇట్లాంటి చిక్కుకి ఎప్పుడో దారి కనిపెట్టుకున్నారు. మొదటిది: మూలం ముట్టుకోవద్దు. ఇంట్లో చెప్పిన మాట చెప్పినట్టే ఒక గడిలో వుండాలి. మన నిర్ణయం పక్కన కొత్త గడిలోకి వెళ్ళాలి. రెండోది: మార్పు చేత్తో చేయొద్దు. ఆర్ లోనో పైథాన్ లోనో నాలుగు వరసల ప్రోగ్రాం రాసి దానితో చేయించాలి. రెండూ ఉచితం. ఎస్‌పీఎస్‌ఎస్ దొంగ కాపీ కోసం ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు. ప్రోగ్రాం వుంటే మన నిర్ణయం కాగితం మీద వున్నట్టే. గైడ్ చదవొచ్చు, పక్కవాడు తప్పు పట్టొచ్చు, రేపు ప్రభుత్వం గ్రూపులు మారిస్తే ఒక్క వరస మార్చి మొత్తం లెక్క మళ్ళీ తీయొచ్చు.

మూడోది గిట్. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో చేసిన ఈ ప్రోగ్రాం మన ఫోల్డర్‌కి దినచర్య లాంటిది. 'థీసిస్ ఫైనల్', 'థీసిస్ ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అని ఫైళ్ళు పెట్టుకునే బదులు, మార్పు చేసి దాచినప్పుడల్లా ఏ తేదీన ఏం మారిందో గిట్ దాస్తుంది, ఎందుకో మనం ఒక ముక్క రాస్తాం. ఆ ముక్క తెలుగులోనే రాయొచ్చు. మన సొంత కంప్యూటర్లోనే పనిచేస్తుంది కాబట్టి కోడూరులో కూర్చున్నా నెట్ అక్కర్లేదు. అయితే తుఫానుకీ కరెంటుకీ భరోసా లేని చోటు మనది. వేరే ఊళ్ళో ఇంకో కాపీ తప్పనిసరి.

భూమి లెక్కల్లో ఇంకా కష్టం. దివిసీమలో అసైన్డ్ భూముల మీద పనిచేస్తే మన చేతికొచ్చేది సర్వే నంబర్లు. 12/2 అని ఎక్సెల్‌లో కొట్టి చూడండి. మీ సెట్టింగును బట్టి ఫిబ్రవరి 12 అవుతుంది, లేకపోతే డిసెంబరు 2. 112/2 అయితే వున్నదున్నట్టే వుంటుంది. అంటే నిలువు వరసలో కొన్ని నంబర్లు నంబర్లుగా, కొన్ని తేదీలుగా మారిపోతాయి, చప్పుడు లేకుండా. విస్తీర్ణమూ అంతే. రెండెకరాల ఐదు సెంట్లని 2-05 అని రాయడం మన అలవాటు. అదీ తేదీ అయి కూర్చుంటుంది. దాన్ని తప్పించాలని 2.5 అని కొడితే రెండున్నర ఎకరాలైపోతుంది. నలభై ఐదు సెంట్లు ఎక్కువ. దివిసీమలో ఒక దళిత కుటుంబం మొత్తం బతుకు ఆ నలభై ఐదు సెంట్లే కావచ్చు. పట్టా కోసం కోర్టుకెళ్ళే రోజున అవతలి ప్లీడరు మన పట్టికలో వెతికేది సరిగ్గా ఇట్లాంటి తప్పునే.

ఇది మనకొక్కళ్ళకే పట్టిన పీడ కాదు. జన్యు శాస్త్రవేత్తలు పెట్టుకున్న కొన్ని జన్యువుల పేర్లని ఎక్సెల్ మార్చి, సెప్టెంబరు తేదీలుగా తిప్పేస్తూ వుంటే, చివరికి 2020లో ఆ పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. వాళ్ళకి పేర్లు మార్చుకునే వెసులుబాటు వుంది, మనం సర్వే నంబర్ మార్చలేం. కాబట్టి ఆ గడిని 'టెక్స్ట్' అని ముందే ప్రకటించాలి. ఎకరాలకొక గడి, సెంట్లకొక గడి పెట్టాలి. ఆపైన పరీక్షలు రాయాలి: సెంట్లు 99 దాటకూడదు; సబ్ డివిజన్లన్నీ కూడితే అసలు నంబరు విస్తీర్ణం రావాలి; ప్రోగ్రాంలోకి ఎన్ని ఇళ్ళు వెళ్ళాయో అన్ని ఇళ్ళూ బయటికి రావాలి. పిల్లల చేత ఎక్కం తిరగేసి చెప్పించినట్టే. ఫైలు మారినప్పుడల్లా ఈ పరీక్షలన్నీ మళ్ళీ నడవాలి.

పరీక్షలు లేకపోతే ఎంత పెద్దవాళ్ళైనా పడతారు. రైన్‌హార్ట్, రోగోఫ్ అనే హార్వర్డ్ ఆర్థికవేత్తలు ప్రభుత్వాల అప్పు మీద 2010లో రాసిన వ్యాసాన్ని చూపించి ఎన్నో దేశాల్లో ఖర్చులకు కోత పెట్టాలని వాదించారు. ఐదు దేశాల వరసలు సగటులోకి రాకుండా పోయాయని 2013లో పట్టుకున్నది థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి. పట్టుకోగలిగింది వాళ్ళు తమ ఎక్సెల్ ఫైలు ఇచ్చారు కాబట్టి. మన జిల్లా మీద వచ్చిన ఎన్ని పుస్తకాలకు ఆ ఫైలు దొరుకుతుంది?

జిల్లా అంటే గుర్తొచ్చింది. కృష్ణా జిల్లా అని రాసేటప్పుడు ఏ కృష్ణా? 1925లో పశ్చిమ గోదావరి విడిపోకముందుదా, 2011 జనాభా లెక్కలదా, 2022 ఏప్రిల్లో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకీ కైకలూరు ఏలూరు జిల్లాలోకీ పోగా మిగిలినదా? 1985కి ముందు తాలూకాలు, తర్వాత మండలాలు. చేపల చెరువులు వచ్చి గుడివాడ వైపు దళిత కూలీల పని ఏమయిందో చెప్పాలంటే ఈ సరిహద్దుల పట్టిక ప్రోగ్రాంలో వుండి తీరాలి.

ఇక రహస్యం సంగతి. క్రైస్తవంలోకి వెళ్ళిన దళితులకు ఎస్సీ హోదా లేదు, బీసీ-సి కింద వస్తారు. అందుకని మన పేటల్లో సర్టిఫికెట్ ఒకటీ ఆదివారం ఒకటీగా బతికే ఇళ్ళు ఎన్నో. నమ్మి మనతో చెప్పిన మాట ఫైలుగా ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్లోనో, అందరికీ తెరిచిన గిట్‌హబ్‌లోనో మిగిలిపోతే ఒకరి ఉద్యోగం పోవచ్చు. గిట్ దేన్నీ మరిచిపోదు. ఒకసారి ఎక్కించిన పేరుని తర్వాత చెరిపినా పాత పుటల్లో వుంటుంది. పేర్లూ ఇంటి నంబర్లూ వున్న జాబితా వేరే ఫైలు, దానికి తాళం, అది గిట్‌లోకి అసలు వెళ్ళకూడదు. ప్రోగ్రాం నలుగురికీ ఇవ్వాలి, మనుషుల్ని ఇవ్వకూడదు. ఈ రెంటినీ కలిపేసి 'అంతా తెరిచి పెట్టండి' అనే ఉపదేశం మా దృష్టిలో ఊరి నడిబొడ్డున వుండేవాళ్ళ ఉపదేశం.

ఇదంతా విద్యార్థి ఒక్కడే చేయగలడా? బ్రిటన్‌లో 2012 నుంచి ఈ పనికి 'రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్' అని పేరు పెట్టి, యూనివర్సిటీల్లో జీతమిచ్చి పెట్టుకుంటున్నారు. 2008లో బందరులో కృష్ణా యూనివర్సిటీ వచ్చాక పీహెచ్‌డీ ఆశ మన పేటల దాకా వచ్చింది. కానీ మన ప్రాంతంలో సోషల్ సైన్స్ విద్యార్థి పక్కన కూర్చుని అతని ప్రోగ్రాం చదివి పెట్టే మనిషిని మేం ఎక్కడా చూడలేదు. మాకు తెలిసిన ఒక శాఖలో కంప్యూటర్ గది తాళం గుమాస్తా దగ్గరుంటుంది, ఆయన సెలవైతే గదికీ సెలవే. డబ్బున్న ఇంటి కుర్రాడికి హైదరాబాదులోనో అమెరికాలోనో ఇంజినీరు అన్నయ్య వుంటాడు, రాత్రి ఫోన్లో సరిచేసి పెడతాడు. మొదటి తరం చదువరికి డీటీపీ షాపే గతి. అక్కడ ఇంటర్వ్యూలు అను ఫాంట్లలో కొడతారు. తెరమీద తెలుగులా కనిపించినా లోపల వున్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. 'కూలి' అని వెతికితే ఒక్క మాటా దొరకదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ వుంది. షాపులో కాగితాలు ఇచ్చేటప్పుడే యూనికోడ్‌లో కొట్టమని చెప్పాలి. పాతవి వుంటే మార్చే ప్రోగ్రాంలు వున్నాయి గానీ వత్తులూ గుణింతాలూ అక్కడక్కడా చెడతాయి, మూలంతో పోల్చి చదవక తప్పదు.

నేర్చుకోవడానికి 1998లో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ పాఠాలు ఉచితం, ఇంగ్లీషులో వున్నాయి. ఇద్దరు ముగ్గురు కూర్చుని ఒకరి ప్రోగ్రాం ఒకరు చదివితే సగం తప్పులు అక్కడే తేలతాయి. అధ్యాపక మిత్రులు మాత్రం దీన్ని విద్యార్థుల మీదికే నెట్టేయకుండా, శాఖ తరఫున రాతపూర్వకంగా మూడు అడగాలి: ఇట్లా సాయం చేసే ఒక పోస్టు, యూనివర్సిటీ సొంత సర్వర్‌లో తాళం వున్న చోటు, సిద్ధాంత గ్రంథంతోపాటు ప్రోగ్రాంని కూడా ఇచ్చే పద్ధతి. వైవాలో పట్టిక చూపించినప్పుడు, కులం గడిని ఏ వరసలో ఎట్లా కలిపారో తెరిచి చూపించమని అడగండి.