ఎన్నికలుంటే చాలా?



ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ ప్రజాస్వామ్యం ఉన్న దేశం ఏది?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మార్కులు వేయాలంటే ముందు ప్రశ్నపత్రం ఉండాలి కదా!

పేరు చూసి మార్కులు వేయలేం. ఉత్తర కొరియా అధికారిక నామంలోనే 'ప్రజాస్వామ్య' అనే మాట ఉంది. అక్కడా ఎన్నికలు జరుగుతాయి. కానీ బ్యాలెట్ పత్రం మీద ఒక్క అభ్యర్థి పేరే ఉంటుంది. ఎంచుకోవడానికి ఇద్దరు లేనప్పుడు అది ఎన్నిక ఎలా అవుతుంది? అందుకే ఏ దేశాన్నైనా మూడు ప్రశ్నలు అడిగి చూద్దాం.

మొదటి ప్రశ్న: ఓటు ఎవరికి ఉంది?

స్విట్జర్లాండ్‌లో పార్లమెంటు చేసిన చట్టం నచ్చకపోతే, 100 రోజుల్లో 50,000 మంది సంతకాలు సేకరించి దాన్ని ప్రజల ఓటుకు పెట్టించవచ్చు. ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ దేశంలో మహిళలకు జాతీయ స్థాయిలో ఓటు హక్కు వచ్చింది 1971లో! మనం 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికల్లోనే 21 ఏళ్లు నిండిన స్త్రీ పురుషులకు, చదువు, ఆస్తి అనే షరతులు లేకుండా ఓటు ఇచ్చాం. 1989లో ఆ వయసు 18కి తగ్గింది.

రెండో ప్రశ్న: ఓట్లు ఎలా లెక్కకు వస్తాయి?

అమెరికాలో 2016లో హిల్లరీ క్లింటన్‌కు డొనాల్డ్ ట్రంప్ కన్నా 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. అయినా ట్రంప్ అధ్యక్షుడయ్యారు. అక్కడ అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది రాష్ట్రాలవారీగా ఎంపికయ్యే 538 మంది ఎలక్టర్లు. బ్రిటన్‌లో 2024లో లేబర్ పార్టీ మూడింట ఒక వంతు ఓట్లతోనే దాదాపు మూడింట రెండు వంతుల సీట్లు గెలిచింది. మన లోక్‌సభదీ అదే పద్ధతి. నియోజకవర్గంలో సగం ఓట్లు రాకపోయినా, అందరికన్నా ఎక్కువ వచ్చినవారిదే గెలుపు.

మూడో ప్రశ్న: పాలకులను మార్చగలమా?

మన పొరుగున ఉన్న చిన్న దేశం భూటాన్‌ను చూడండి. రాజుగారే చొరవ తీసుకోగా 2008లో తొలిసారి జాతీయ అసెంబ్లీకి ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత జరిగిన మూడు ఎన్నికల్లోనూ అధికారంలో ఉన్న పార్టీ ఓడిపోయింది. గొడవ లేకుండా కొత్తవారికి పగ్గాలు అప్పగించింది.

మూడింటిలోనూ నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న దేశం నాకు కనిపించలేదు. ఒకటి చట్టాల విషయంలో ముందుంటే, ఇంకొకటి ఓటు హక్కు విషయంలో ముందుంది.

ఇక మన ఇళ్లకు సంబంధించిన ప్రశ్న ఒకటి. ఓటు ఉండటం వేరు, వేయగలగడం వేరు. ఒకసారి నేను బదిలీ మీద కొత్త ఊరు వెళ్లాను. సామాను, గ్యాస్ కనెక్షన్, బ్యాంకు చిరునామా అన్నీ మార్చుకున్నాను. ఓటు సంగతి మాత్రం మరిచిపోయాను. పోలింగు రోజున సహోద్యోగులు వేలి మీద సిరా గుర్తుతో వస్తుంటే నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

సైనికులకు సర్వీస్ ఓటరుగా నమోదై పోస్టు ద్వారా ఓటు వేసే వీలుంది. బ్యాంకులు, రైల్వే, పాఠశాలల్లో పనిచేసే మాలాంటివాళ్లు మాత్రం ఇల్లు మారినప్పుడల్లా ఫారం 8 నింపి ఓటును కొత్త చిరునామాకు మార్పించుకోవాలి.

ఈ సాయంత్రం మీ ఇంట్లో అడగండి: "అమ్మా, నాన్నా, మీ ఓటు ఇప్పుడు ఏ ఊళ్లో ఉంది?"