ఆరు మాటల ఊరేగింపు: మీకు తెలుసా?

బైబిలు కీర్తనల గ్రంథంలో ఉన్నవి 150 కీర్తనలు. వాటిలో అచ్చంగా పెళ్ళిపాట అనదగ్గది ఒక్కటే, 45వ కీర్తన. రాజుగారి అందం, కత్తి, సింహాసనం, పెళ్ళికూతురి బంగారు బట్టలు అన్నీ వర్ణించాక కవి ఒక్క వచనంలో ఊరేగింపును రాజనగరు గుమ్మం దాటిస్తాడు. హీబ్రూలో అది ఆరంటే ఆరు మాటలు. సంబరంగా తోడ్కొని రావడం, రాజభవనంలో అడుగుపెట్టడం, అంతే. రాజు ప్రస్తావన వచ్చినా అది భవనం ఎవరిదో చెప్పడానికే. కవి చూపంతా నడిచి వస్తున్నవాళ్ళ మీదే ఉంది. వాళ్ళెవరో, పెళ్ళికూతురి వెంట అంతమంది ఎందుకు నడిచేవారో వెతికితే కొన్ని సరదా సంగతులు, కొన్ని సరదా కానివీ బయటపడతాయి.

● ముందుగా, వెతుక్కునేవాళ్ళకు ఒక మాట. తెలుగు బైబిలులో ఇది 45వ కీర్తన 15వ వచనం. హీబ్రూ ప్రతిలో 16, ఎందుకంటే పైన ఉన్న శీర్షికనే వాళ్ళు మొదటి వచనంగా లెక్కపెడతారు. పాత గ్రీకు, లాటిన్ ప్రతుల్లో కీర్తన సంఖ్యే 44. ఎవరైనా చర్చలో "44వ కీర్తన" అంటే పొరబడ్డారని అనుకోకండి.

● ఆ వచనంలో నడుస్తున్నది ఆడవాళ్ళు. తెలుగులో "వారు వస్తున్నారు" అంటే ఆడా మగా తేడా తెలియదు గానీ, హీబ్రూ క్రియలు రెండూ ఇక్కడ స్త్రీల బహువచనంలోనే ఉన్నాయి. అంటే ఆ సంతోషం పెళ్ళికూతురు ఒక్కదానిదే కాదు, వెనక వస్తున్న చెలికత్తెలందరిదీ. రాజులు సాధారణంగా తమ గురించే రాయించుకుంటారు. తోడిపెళ్ళికూతుళ్ళ ఆనందాన్ని పట్టించుకున్న ఆస్థానకవి అరుదు.

● అలాంటి చెలికత్తెల సంఖ్య కచ్చితంగా తెలిసిన పెళ్ళి ఒకటుంది. ఈజిప్టు రాజు మూడో ఆమెన్‌హోటెప్ తన ఏలుబడి పదో ఏట, అంటే క్రీస్తుకు పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితం కాస్త ఇటుగా, మితాన్ని అనే రాజ్యపు రాజు కూతురు గిలుఖేపను పెళ్ళాడాడు. ఆ కబురును పేడపురుగు ఆకారంలో చెక్కిన చిన్న రాతి బిళ్ళల మీద రాయించి పంచాడు, ఇప్పటి శుభలేఖల్లా. పెళ్ళికూతురి వెంట వచ్చిన అంతఃపుర స్త్రీలు 317 మంది అని అందులో ఉంది. వాళ్ళలో ఒక్కరి పేరు మాత్రం లేదు.

● పెళ్ళివారి అలకలు మనకొక్కరికే సొంతం అనుకుంటాం. 1887లో ఈజిప్టులోని అమర్నాలో మట్టిపలకల మీద రాసిన రాజుల ఉత్తరాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి బాబిలోను రాజు బర్నబురియాష్ ఫరో అఖెనాతెన్‌కు రాసింది. ఆయన కూతురిని పెళ్ళికూతురిగా తీసుకువెళ్ళడానికి ఫరో పంపిన దూత వెంట వచ్చినవి ఐదు రథాలు. ఐదంటే ఐదే! బాబిలోను రాజుకు ఒళ్ళు మండింది. ఇంత గొప్ప రాజు కూతురిని ఐదు రథాల్లో పంపించారా అని చుట్టుపక్కల రాజులు నవ్వుకోరా అన్నది ఆయన బాధ. వెనకటి రోజుల్లో మూడు వేలమంది సైనికులు వెంట వచ్చారని కూడా గుర్తుచేశాడు. దారిలో దొంగల భయం గురించి కాదు, నలుగురూ ఏమనుకుంటారన్న దాని గురించే ఆ గొడవ. పలక అక్కడక్కడా విరిగినా ఆ అలక మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ ఉత్తరాల గుట్టలోనే సారె జాబితాలూ ఉన్నాయి. మితాన్ని రాజు తుష్రత్త తన కూతురు తదుఖేపను పంపుతూ గుర్రాలు, రథం, నగలు, బట్టలు, చివరికి చెప్పుల జతల దాకా రాయించాడు. తరవాతి కాలంలో హిత్తీయుల రాణి పుదుహేప ఇంకో అడుగు ముందుకేసింది. ఈజిప్టు రాజు రెండో రామ్సెస్‌కు పిల్లనిచ్చే విషయంలో ఆలస్యమెందుకని ఆయన నిలదీస్తే, మా ఖజానా కాలిపోయింది, అయినా నీకేం తక్కువని మా సొమ్ముతో ఇంకా ధనవంతుడివి కావాలనుకుంటున్నావు, అది నీ పరువుకు తగునా అని ముఖం మీదే అడిగింది. మూడు వేల రెండు వందల ఏళ్ళ క్రితపు ఆడపిల్ల తల్లి మాట అది.

● కీర్తనలో పెళ్ళికూతురి బట్టలకు బంగారు పని ఉంటుంది. కవి కల్పన అనుకోనక్కర్లేదు. ఇరాక్‌లోని నిమ్రూద్‌లో 1988–90 మధ్య ఇరాకీ పురావస్తు శాస్త్రజ్ఞుడు ముజాహిమ్ మహమూద్ హుసేన్ బృందం అష్షూరు రాణుల సమాధులు తవ్వింది. అక్కడ కిరీటాలు, కడియాలతో పాటు బట్టలకు కుట్టే చిన్న చిన్న బంగారు పూలు గుట్టలుగా దొరికాయి. గుడ్డ చాలావరకు మట్టిలో కలిసిపోయింది, పూలు మిగిలాయి. ఆ రాణుల్లో ఒకరి పేరు అతలియ. ఆ పేరు హీబ్రూలా ఉందని, యెరూషలేము వైపు నుంచి కోడలిగా వచ్చిందేమోనని కొందరు పండితుల ఊహ. ఆ నగలు మళ్ళీ ఇంకో గండం గడిచాయి. యుద్ధకాలంలో బాగ్దాద్ సెంట్రల్ బ్యాంకు నేలమాళిగలో దాచి ఉంచితే 2003లో అది నీళ్ళతో నిండిపోయింది. నీళ్ళు తోడాక పెట్టెలు తెరిచి చూస్తే నగలు భద్రంగా ఉన్నాయి.

● రాణి ఒంటి మీది బంగారం ఓఫీరుదని కీర్తన చెబుతుంది. ఓఫీరు ఎక్కడుందో ఇప్పటికీ తేలలేదు. అరేబియా అని, ఆఫ్రికా అని, కాదు ముంబయి దగ్గరి సోపారా అని ఎవరి వాదన వారిది. కానీ ఓఫీరు బంగారం ఉత్త కథ కాదు. టెల్ అవీవ్‌లోని టెల్ కసీలెలో 1946లో దొరికిన ఒక కుండపెంకు మీద బేత్‌హోరోను పేర ఓఫీరు బంగారం, 30 తులాలు అని పద్దు రాసి ఉంది. ఆ తులం మన బంగారు కొట్ల తులం కాదు, హీబ్రూ షెకెలు, సుమారు పదకొండున్నర గ్రాములు.

● ఇక వాసన. రాజు బట్టలు బోళం, అగరు, లవంగపట్ట పరిమళాలు వెదజల్లుతుంటాయి. వీటిలో అగరు ఆ దేశపు చెట్టు కాదు. అస్సాం మొదలుకొని ఆగ్నేయాసియా అడవుల దాకా పెరిగే చెట్టు. మామూలుగా ఉన్న కొయ్యకు వాసన ఉండదు. చెట్టుకు దెబ్బ తగిలి బూజు పడితే, దాన్ని తట్టుకోవడానికి చెట్టు నల్లటి జిగురు ఊరిస్తుంది. ఆ రోగమే పరిమళం. సముద్రాలూ ఎడారులూ దాటి అంతదూరం చేరిన కొయ్యముక్క పరిమళాన్ని బట్టలకు పట్టించుకున్నాడంటే ఆ రాజు దగ్గర సొమ్ముకు కొదవ లేదన్నమాట.

● మరి ఆ రాజెవరు? ఈ కీర్తనలో నాకు బాగా నచ్చిన తమాషా ఇదే. నీ పేరు తరతరాలు నిలిచేలా చేస్తానని చివర్లో కవి గట్టిగా మాటిస్తాడు. కానీ పాట మొత్తం వెతికినా ఆ పేరు ఎక్కడా చెప్పడు!

దాంతో ఊహలకు తలుపులు తెరుచుకున్నాయి. ఫరో కూతురిని చేసుకున్న సొలొమోను అన్నది పాత మాట. 19వ శతాబ్దపు జర్మన్ పండితుడు హిట్జిగ్ మాత్రం ఇది అహాబు, యెజెబెలు పెళ్ళి అన్నాడు. కీర్తనలో తూరు ప్రస్తావన ఉంది, యెజెబెలు ఆ తీరపు రాజు కూతురే. దంతపు మందిరాల ప్రస్తావన ఉంది, అహాబు దంతపు ఇల్లు కట్టించాడని రాజుల గ్రంథం చెబుతుంది. 1931–35 మధ్య క్రోఫుట్ బృందం షోమ్రోనులో తవ్వినప్పుడు వందల కొద్దీ దంతపు ముక్కలు దొరికాయి. తామరలు, రెక్కల సింహాలు చెక్కిన పలుచని పలకలు. కుర్చీలకూ మంచాలకూ తాపడం చేసినవి. దంతపు ఇల్లంటే గోడలన్నీ ఏనుగు దంతం అని కాదన్నమాట. ఇదే తరహా పనితనం నిమ్రూద్‌లో ఇంకా విస్తారంగా దొరికింది. వాటిని తవ్వించిన మాలోవన్ భార్య ఎవరనుకున్నారు? డిటెక్టివ్ నవలల అగాథా క్రిస్టీ. దంతపు చెక్కడాల సందుల్లో ఇరుక్కున్న మట్టిని ఆవిడ అల్లిక సూదితో, తన ముఖానికి రాసుకునే క్రీముతో శుభ్రం చేసేది.

హిట్జిగ్ వాదన ఎంత ముచ్చటగా ఉన్నా నాకు నమ్మబుద్ధి కాదు. యెజెబెలును బైబిలు తిట్టినట్టు ఇంకెవరినీ తిట్టలేదు. ఆవిడ పెళ్ళిపాటను యెరూషలేము గాయకులు కళ్ళకద్దుకుని దాచుకుంటారా? పేరు లేకపోవడం వల్ల ఏ రాజు పెళ్ళికైనా ఆ పాటే పాడుకునే వీలుండేది అనుకోవడమే సబబు.

● నీ జనాన్నీ పుట్టింటినీ మరచిపో అని కవి పెళ్ళికూతురికి చెబుతాడు. అప్పగింతల వేళ ఇంత కటువైన మాటా అనిపిస్తుంది. యూదు పండితులు దీన్ని పట్టుకెళ్ళి, స్వదేశం వదిలి బయల్దేరిన అబ్రాహాముకు అన్వయించారు. గడ్డం నెరిసిన పెద్దమనిషి పెళ్ళికూతురయ్యాడు!

● ఊరేగింపు కోర్టులో సాక్ష్యంగా చెల్లేదంటే నమ్ముతారా? సుమారు క్రీ.శ. 200 నాటికి కూర్చిన యూదుల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో ఒక తగువు ఉంది. భర్త పోయాకో, విడాకులయ్యాకో పెళ్ళి ఒప్పందం ప్రకారం భార్యకు రావలసిన సొమ్ము మొదటి పెళ్ళి అయితే 200 జూజులు, ఆమె అప్పటికే వితంతువైతే 100. పత్రం పోయింది. ఆమె ఒకటంటుంది, ఎదుటివాళ్ళు ఇంకొకటంటారు. అప్పుడేం చెయ్యాలి? పెళ్ళిరోజు ఆమె జుట్టు విరబోసుకుని, తొలిపెళ్ళి పాటలతో ఊరేగడం చూసినవాళ్ళు వచ్చి చెబితే చాలు, 200 ఆమెవే. ఆ పెళ్ళిలో వేయించిన ధాన్యం పంచిపెట్టారని చెప్పినా చాలునని ఒక పండితుడి మాట.

ఇంకా విశేషం, చిన్నప్పుడు చూసిన ఊరేగింపు గురించి పెద్దయ్యాక వచ్చి చెప్పినా ఆ సాక్ష్యం చెల్లుతుంది. మిగతా విషయాల్లో అంత పట్టింపుగా ఉండే శాస్త్రం ఇక్కడ పిల్లల జ్ఞాపకాన్ని నమ్మింది. మేళం వెంట పరుగెత్తి గుప్పెడు గింజలు తిన్న కుర్రాడు ఏళ్ళ తరవాత ఒక ఆడమనిషికి వంద జూజులు ఇప్పించగలడు. బాబిలోను రాజు రథాల లెక్క పరువు కోసమైతే, ఇక్కడ వెంట నడిచిన జనమే ఆమెకు పూచీ.

● పెళ్ళి ఊరేగింపు ఎదురైతే శవయాత్ర కూడా పక్కకు తప్పుకోవాలని, మిష్నా మీద వ్యాఖ్యానమైన తల్ముదు నియమం. యూదుల రాజు అగ్రిప్ప స్వయంగా ఒక పెళ్ళికూతురికి దారి ఇచ్చాడనీ, పండితులు మెచ్చుకున్నారనీ అక్కడే ఉంది. వెంటనే చిక్కు వచ్చింది, రాజు తన మర్యాదను వదులుకోకూడదు కదా? అది నాలుగు రోడ్ల కూడలి, ఆయన ఎటూ మలుపు తిరగవలసినవాడేనని జనం అనుకుంటారు అని సర్దిచెప్పారు. వకీళ్ళ బుర్రలు ఏ కాలంలోనైనా ఒక్కటే. అదే చోట షమూయేలు అనే ముసలి పండితుడి కథ కూడా ఉంది. మూడు మిర్టిల్ కొమ్మలు, మన బైబిలులో గొంజి అంటారే అవి, ఎగరేసి పట్టుకుంటూ పెళ్ళికూతుళ్ళ ముందు నాట్యం చేసేవాడట. పెద్దాయన మన పరువు తీస్తున్నాడని తోటి పండితుడు విసుక్కున్నాడు. ఆయన పోయినప్పుడు మాత్రం అగ్నిస్తంభం దిగి వచ్చిందట.

● రోము చేతిలో ఓడిపోయిన యూదు జాతి మొదట తగ్గించుకున్నది పెళ్ళి సంబరాన్నే. రోమను సేనాని వెస్పాసియన్ యుద్ధం నాడు పెళ్ళికొడుకుల కిరీటాలనూ డప్పునూ ఆపేశారు. తరవాతి యుద్ధంలో పెళ్ళికూతుళ్ళ కిరీటాలు పోయాయి. చివరి యుద్ధంలో ఊళ్ళో పల్లకి ఎక్కకూడదన్నారు. ఈ చివరిదాన్ని తరవాతి పండితులే సడలించారు.

● ఊరేగింపు నెత్తుటిపాలైన కథా ఉంది. మక్కబీయుల మొదటి గ్రంథంలో, కతోలికుల తెలుగు బైబిలులో చదవొచ్చు, తన అన్న యోహానును చంపిన వంశంలో పెళ్ళి జరుగుతోందని మక్కబీయుల నాయకుడు యోనాతానుకు తెలుస్తుంది. అతని మనుషులు కొండచాటున మాటు వేస్తారు. సామాన్లతో పెళ్ళిజనం వస్తారు, ఎదురుకోలుకు పెళ్ళికొడుకు బంధుమిత్రులతో, డప్పులతో, ఆయుధాలతో వస్తాడు. అప్పుడు మీద పడి నరికేస్తారు. రాసినవాడు యోనాతాను పక్షంవాడే. అయినా పెళ్ళిపాట ఏడుపుపాటైందని దాచకుండా రాశాడు.

● మన ఆరు మాటల వచనం లండన్‌లో కూడా మోగింది. 1685 ఏప్రిల్ 23న వెస్ట్‌మినిస్టర్ అబేలో ఇంగ్లండు రాజు రెండో జేమ్స్ పట్టాభిషేకం జరిగింది. ఆయన రాణి మేరీ కోసం హెన్రీ పర్సెల్ ఈ కీర్తనకే బాణీ కట్టాడు, ఊరేగింపు వచనంతో సహా. నిజానికి వాళ్ళ పెళ్ళి 1673లోనే అయిపోయింది. అప్పుడామెకు పదిహేనేళ్ళు, ఆయనకు నలభై. ఇటలీ నుంచి వచ్చిన కొత్తలో మొగుణ్ణి చూస్తే చాలు ఏడ్చేసేదట. పట్టాభిషేకమైన మూడేళ్ళకే జేమ్స్ సింహాసనం పోయింది. 1688 డిసెంబరులో చంటిబిడ్డను చంకనేసుకుని, చాకలి మనిషి వేషంలో, మేరీ ఫ్రాన్సుకు పడవెక్కింది.