ఆకాశ నేత్రం – నేల సాక్ష్యం

ఒక వస్తువును తాకకుండా, దాని చెంతకు వెళ్లకుండా, దాని నుండి వచ్చే కిరణాలను గ్రహించి, దాని స్వభావాన్ని తెలుసుకొనే విద్యను దూర సంవేదనం అంటారు. వాడుకలో ఇదే రిమోట్ సెన్సింగ్. విమానాలు, ఉపగ్రహాలు ఈ విద్యకు వాహనాలు. వాటిలో అమర్చిన సంవేదకాలు దీనికి కన్నులు.

మానవ నేత్రానికి గోచరించేది దృశ్యకాంతి మాత్రమే. ఆరోగ్యవంతమైన ఆకు కంటికి కనబడని సమీప పరారుణ కిరణాలను అధికంగా పరావర్తనం చేస్తుంది. తెగులు సోకి ఆకులోని కణ నిర్మాణం దెబ్బతిన్నప్పుడు ఈ పరావర్తనం తగ్గుతుంది. కాబట్టి పైకి పచ్చగా కనిపించే చెట్టు లోలోపల క్షీణిస్తున్నదన్న సంగతిని సంవేదకం ముందుగానే పసిగట్టగలదు.

ఈ సూత్రమే మన దేశంలో ఈ శాస్త్రానికి నాంది పలికింది. కేరళలో కొబ్బరి తోటలను వేరు తెగులు పీడిస్తున్న కాలంలో, 1970లో, పి.ఆర్. పిషారోటి నాయకత్వంలోని శాస్త్రవేత్తలు హెలికాప్టరు నుండి పరారుణ ఫిల్ముతో ఆ తోటల ఛాయాచిత్రాలు తీసి పరిశీలించారు. భారతీయ దూర సంవేదన శాస్త్ర పితామహుడిగా పిషారోటి కీర్తి పొందారు. 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఏ ఉపగ్రహం కక్ష్యలో చేరడంతో, స్వదేశీ ఉపగ్రహం నుండే పంటల, అడవుల, జలవనరుల చిత్రాలు నిరంతరం లభించసాగాయి. హైదరాబాదులోని జాతీయ సంస్థ షాద్‌నగర్ కేంద్రం ద్వారా ఉపగ్రహ సమాచారాన్ని స్వీకరిస్తున్నది.

అయితే చిత్రం లభించినంత మాత్రాన సత్యం లభించినట్లు కాదు. ఉపగ్రహ చిత్రంలో చెరువు నల్లగా కనిపిస్తుంది. కొండ నీడా నల్లగానే కనిపిస్తుంది. నీడను నీరుగా భ్రమిస్తే ఎండిన ఊరు నీరున్న ఊరుగా లెక్కకెక్కుతుంది. కరువు సాయం అందవలసిన రైతుకు అన్యాయం జరుగుతుంది. అందుచేత పరిశోధకుడు చిత్రంలోని కొన్ని స్థలాలకు స్వయంగా వెళ్లి, తాను చెప్పినది నిజమో కాదో సరిచూసుకోవాలి. ఆ క్షేత్ర పరిశీలనే నేల సాక్ష్యం.

ఈ సాక్ష్యాన్ని నిలదీసి అడిగే వేదిక పరిశోధన పత్రిక. భారతీయ శాస్త్రజ్ఞుల సంఘం 1973లో ‘ఫొటోనిర్వాచక్’ అనే పత్రికను ప్రారంభించింది. నిర్వాచకుడంటే అర్థాన్ని విడమరచి చెప్పేవాడు. ఛాయాచిత్రానికి అర్థం చెప్పే పత్రికకు ఇంతకన్న తగిన పేరు అరుదు. కాలక్రమంలో అదే భారత దూర సంవేదన సంఘ పత్రికగా ప్రసిద్ధి చెందింది. ఇటువంటి పత్రికకు వచ్చిన వ్యాసాన్ని అదే రంగంలోని నిపుణులు పరీక్షిస్తారు. ఏ చిత్రాన్ని వాడారు? ఏ తేదీన తీశారు? నేలపై ఎన్ని చోట్ల సరిచూశారు? ఎంత శాతం పొరపాటు ఉంది? ఈ ప్రశ్నలకు సమాధానం లేని వ్యాసం తిరస్కృతి పొందుతుంది. అచ్చయిన పద్ధతిని ఇతరులు తమ ప్రాంతంలో ప్రయోగించి, లోపముంటే బయటపెడతారు.

మేఘాలు కమ్మినపుడు సాధారణ సంవేదకాలు నేలను చూడలేవు. వరదల వేళ ఇది పెద్ద అవరోధం. 2012లో శ్రీహరికోట నుండి ప్రయోగించిన రీశాట్-1 రాడార్ కిరణాలతో మేఘాలను దాటి, రాత్రివేళ కూడా చూడగలిగింది. చూపు ఎంత పదునెక్కినా దానికి అర్థం చెప్పే బాధ్యత మనిషిదే. ఆకాశం నుండి చూసినవాడు నేలపై నడిచి నిర్ధారించుకొన్నప్పుడే ఆ జ్ఞానం ప్రజలకు ఉపకరిస్తుంది.