అంతస్తుల కేకునకు ఊతకడ్డీలు

1947లో బ్రిటన్ రాకుమారి ఎలిజబెత్ వివాహమునకు చేసిన కేకు నాలుగంతస్తులది, ఎత్తు తొమ్మిదడుగులు. ఆ తరహా పండ్ల కేకు దిట్టమైనది, పైని చక్కెరపూత గట్టిది. నేడు మన పట్టణములలో వేడుకలకు తెప్పించు స్పాంజి కేకునకు ఆ సత్తువ లేదు. అందుచేత పై అంతస్తును మోయవలసినది క్రింది కేకు కాదు, దానిలో గ్రుచ్చిన కడ్డీలు.

ఇందుకు రంగు పూయని గుండ్రని కొయ్యకడ్డీ, సుమారు ఆరు మిల్లీమీటర్ల లావుది, మేలు. చిన్న అంతస్తునకు లావుపాటి ప్లాస్టిక్ గొట్టములైనను చాలును. ఆరంగుళముల పై కేకునకు నాలుగు కడ్డీలైనను ఉండవలెనని మేము చెప్పుదుము.

చిక్కంతయు కొలతలో ఉన్నది. కేకు చల్లబడి బిగిసిన పిదప, మిక్కిలి ఎత్తైన చోట ఒక కడ్డీని అడుగు పలకకు తగులువరకు నిలువుగా దింపి, పూత మట్టమున గురుతు పెట్టి, వెలికితీసి కోయవలెను. తక్కినవన్నియు దానితో సరిచూచియే కోయవలెను. ఎక్కడి ఎత్తును బట్టి అక్కడి కడ్డీని కోసినచో, కేకు వంకర కడ్డీలకును వచ్చును. పై అంతస్తు ఒరుగును. కోసిన కొనలను గరుకు కాగితముతో నునుపుచేసి, పొట్టు తుడువవలెను. పై కేకు అడుగున గట్టి అట్ట తప్పదు; లేనిచో కడ్డీలు దానిలోనికే దూరును.

పంచునప్పుడు కడ్డీలను లెక్కపెట్టి తీయవలెను. పిల్లలున్న ఇంట ఈ లెక్క తప్పరాదు.