మనోవ్యాధికి మందుంది

ఆదోని మార్కెట్ యార్డులో పత్తికి అనుకున్న ధర పలకకపోతే ఆ రాత్రి రైతుకు కునుకు పట్టదు. కూలి గిట్టుబాటు కాని ఎమ్మిగనూరు నేతగాడిదీ అదే బాధ. నాలుగు రోజుల దిగులు సహజం. దానిని జబ్బు అనరాదు. కాని రెండు వారాలు దాటినా అది వదలక, ఆకలినీ నిద్రనూ చెడగొట్టి, ఏ పని మీదా మనసు నిలవనీయకపోతే, అది వ్యాకులత అనే వ్యాధి కావచ్చు.

గుండె దడ, కడుపులో మంట అంటూ కొందరు మందుల షాపుకు పోతారు. గాలి సోకిందని మరికొందరు తాయెత్తు కట్టిస్తారు. భయం, దిగులు కలిగితే ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువగా ఊరి గుండె వేగం పెరుగుతుంది. కనుక ఆ బాధ కల్పన కాదు. ముందు డాక్టరుచేత పరీక్ష చేయించుకోండి. మనసులోని సంగతీ దాచకుండా చెప్పండి.

అప్పుల లెక్క కాగితం మీద రాసి, పగటిపూట ఇంట్లోవాళ్లతో కలిసి చూసుకోండి. పడక మీద లెక్కలు వేయకండి. రోజూ ఒకే వేళకు లేవండి. తాగితే నిద్ర పడుతుందనుకోవడం పొరపాటు; ఆ నిద్ర నడిరాత్రే చెదిరిపోతుంది.

ఇంట్లో ఎవరైనా "నేను లేకపోతేనే మీకు మేలు" అంటే పెడచెవిన పెట్టకండి. చావు ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీసేయండి. వారిని ఒంటరిగా వదలకండి. కర్నూలు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022లో మొదలైన టెలీ మానస్‌కు, 14416 నంబరులో, ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందులు వాడితే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. డాక్టరు చెప్పకుండా మానకండి. మనోవ్యాధికి మందు లేదన్న పాత సామెతను ఇక మరిచిపోండి.